రేడియేటర్ ముందు ఒక అట్టముక్క

ఇంజన్‌కు కూడా చలి వేస్తుందని నాకు నలభై ఏళ్ళు దాటేదాకా తెలియదు.

మాది బెజవాడ. మా నాన్నకు ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. డిప్లొమా చదువుతూనే అక్కడ పానాలు పట్టుకోవడం నేర్చుకున్నాను. మా ఊళ్ళో ఇంజన్‌కు వచ్చే పెద్ద జబ్బు ఒక్కటే, వేడి. మే నెలలో ఘాట్ రోడ్డెక్కి వచ్చిన లారీకి తెలియక రేడియేటర్ మూత తీస్తే మరుగుతున్న నీళ్ళు మనిషెత్తు లేచేవి. కాబట్టి నా చదువూ, నా అనుభవమూ, నా పొగరూ అన్నీ ఇంజన్‌ను చల్లబరచడం చుట్టూనే తిరిగేవి. అలాంటివాణ్ణి తెచ్చి మిషిగన్‌లో పడేసింది మా ఆవిడ పద్మ ఉద్యోగం.

ఆమెకు నోవైలో సాఫ్ట్‌వేర్ పని. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా నేను ఇంట్లో వంట చేశాను, అమ్మాయిని బడికి దింపాను, యూట్యూబు లేని రోజుల్లో గోంగూర పచ్చడి స్వయంగా కనిపెట్టినంత పని చేశాను. కార్డు వచ్చిన నెలలోనే, జులైలో, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక ట్రక్కుల యార్డులో మెకానిక్‌గా చేరాను. పోయిన ఏడాది అక్కడే రిటైరయ్యాను.

ఈమధ్య మనవాళ్ళ పిల్లలు కొందరు ఇలాంటి యార్డుల్లో, ట్రక్కు కంపెనీల్లో చేరుతూ "అంకుల్, మీ ఎక్స్‌పీరియెన్స్ కొంచెం షేర్ చేయండి" అంటున్నారు. సరే, చేస్తాను. ప్రమోషన్ల సంగతి మాత్రం అడక్కండి. నాకు వచ్చినవి రెండే, రెండూ నా ముందువాడు మానేస్తే వచ్చినవి.

డీజిల్ పేరుకున్న పొద్దున

నవంబరు చివర్లో ఒక పొద్దున యార్డుకు వెళ్ళేసరికి ఆరు ట్రక్కులు స్టార్ట్ కాలేదు. నేను బ్యాటరీలు చూశాను, వైర్లు చూశాను, స్టార్టర్లు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. వెనకనుంచి ఎవరో నా భుజం తట్టి, ఫిల్టర్ విప్పి నా చేతిలో పెట్టారు. అందులో డీజిల్ చలికాలపు నెయ్యిలాగా తెల్లగా పేరుకుని ఉంది.

ఆ తట్టినవాడి పేరు వాల్ట్. అప్పటికి అరవైకి దగ్గరపడ్డ డ్రైవరు. పొడుగు మనిషి, నవ్వడు. పెద్ద వంతెన అవతల, మిషిగన్ ఉత్తర భాగంలో పుట్టినవాడు. అక్కడ వాళ్ళ నాన్న కలప లాగే బండ్లు నడిపేవాడట.

"మీ ఊళ్ళో చలెంత ఉంటుంది?" అని అడిగాడు.

"జనవరిలో ఫ్యాన్ ఆపుతాం" అన్నాను.

మొదటిసారి ఆయన మూతి కొంచెం కదిలింది. అదే నవ్వని తర్వాత తెలిసింది.

వాల్ట్ చెప్పిన చిట్కాలు

ఆ నెలరోజుల్లో వాల్ట్ నాకు నేర్పినవి ఏ మాన్యువల్లోనూ అలా చెప్పి ఉండవు. మీరు రాసుకోండి.

బండిని గాలికి ఎదురుగా ఆపకూడదు. ముక్కు గోడవైపు ఉండాలి. గోడ లేకపోతే రెండు బండ్లను ముక్కూ ముక్కూ ఆనించినంత దగ్గరగా నిలపాలి. ఇంజన్‌కు హీటర్ తీగ ఉంటే కరెంటుకు తగిలించాలి, రాత్రంతా కాదు, బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు, దానికి ఒక టైమర్ పెట్టుకోవాలి. హీటర్ లేని పాత బండికి వాల్ట్ ఇంజన్ కింద ఆయిల్ ఉండే పాన్ పక్కన జాలీ ఉన్న షెడ్డు బల్బు ఒకటి వేలాడదీసేవాడు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బులు పెట్టి వేడి రాలేదని నన్ను తిట్టకండి, అవి వేడెక్కవు. చిన్న బండి బ్యాటరీని విప్పి ఇంట్లోకి తీసుకెళ్ళి పొద్దున తెచ్చి బిగించడం కూడా మంచి పద్ధతే. వాల్ట్ వాళ్ళ అమ్మ దాన్ని వంటింట్లో బంగాళాదుంపల పక్కన పెట్టనిచ్చేదట.

ఇంజన్ ఆపగానే బానెట్ మీద మందపాటి రగ్గు కప్పితే ఉన్న వేడి రెండు మూడు గంటలు నిలుస్తుంది. ఇది విని నేను ఉత్సాహంగా మా ఇంట్లోంచి ఒక రగ్గు పట్టుకెళ్ళాను. అది పద్మ వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిందని నాకు గుర్తులేదు. సాయంత్రం డీజిల్ కంపుతో తిరిగొచ్చిన రగ్గును చూసి ఆవిడ రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఇంట్లో ఇరవై కంఫర్టర్లు ఉన్నాయండీ. ట్రక్కుకి కప్పడానికి మీకు ఇదే దొరికిందా?"

"అవి పల్చగా ఉన్నాయే..."

"అయితే ఆ ట్రక్కునే తెచ్చి బెడ్‌రూమ్‌లో పడుకోబెట్టండి. నేను గరాజ్‌లో పడుకుంటా."

కుంపటి సంగతి వేరే చెప్పాలి. పాతకాలం డ్రైవర్లు ఇనప పళ్ళెంలో బొగ్గులు రాజేసి ఇంజన్ కింద పెట్టేవాళ్ళు. మన అమ్మమ్మల కుంపటే. వాల్ట్ నాన్న అలా పెట్టి ఒక బండిని నిలువునా కాల్చుకున్నాడు. మీరు పెట్టకండి. ఎవరైనా పెడుతుంటే చూస్తూ ఊరుకోకండి.

అన్నిటికంటే చౌకైంది అట్టముక్క. చలి మరీ ఎక్కువైతే రేడియేటర్‌కు తగిలే గాలి ఇంజన్‌ను వేడెక్కనివ్వదు. అందుకని రేడియేటర్ ముందు అట్టపెట్టె ముక్క కట్టాలి. మొత్తం మూయకూడదు, నడుమ పెద్ద పళ్ళెమంత కిటికీ వదలాలి. కళ్ళు ఇంజన్ వేడి చూపే గేజ్ మీదే ఉండాలి, చలి తగ్గగానే విప్పేయాలి. ఒకడు ఏప్రిల్ దాకా విప్పకుండా తిరిగి ఇంజన్ ఉడకబెట్టుకుని వచ్చాడు. ఆ రిపేరు మాత్రం నేను కళ్ళు మూసుకుని చేశాను, అది మా ఊరి జబ్బు కదా!

ఆటోనగర్ వైద్యం

ఇక నా తప్పు. ఇది చెప్పడానికే కూర్చున్నాను, ఇంతసేపూ పక్కదారులు పట్టాను.

నేను చేరిన ఏడాది సెప్టెంబరులో ఎండలు గట్టిగా కాశాయి. పద్నాలుగో నంబరు ట్రక్కు, ఇరవై రెండో నంబరు ట్రక్కు వేడెక్కిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. నిజానికి వాటి రేడియేటర్ల మధ్య దుమ్మూ పురుగులూ పేరుకుని గాలి ఆడటం లేదు. విప్పి శుభ్రం చేస్తే రెండు రోజుల పని. కానీ నాకు మా నాన్న షెడ్డులో గంటలో చేసే వైద్యం తెలుసు. థర్మోస్టాట్ పీకెయ్యడం.

థర్మోస్టాట్ అంటే ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే చిన్న తలుపు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వదు, వేడెక్కాక తెరుచుకుంటుంది. మా ఎండల్లో ఆ తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాల్సిందే, అలాంటప్పుడు తలుపెందుకు అని మావాళ్ళ వాదన. కొత్త లారీ షెడ్డులోకి రాగానే దాన్ని తీసి డబ్బాలో పడేసేవాళ్ళం. లారీ యజమానులు సంతోషించేవాళ్ళు.

నేనూ రెండు బండ్లకూ తీసేశాను. పని కాగితం మీద "ఓవర్‌హీటింగ్ సరిచేయబడింది" అని రాశాను. తీశానని రాయలేదు. రాయాల్సినంత పనిగా నాకు అనిపించలేదు. వేడి తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు. నేను మీసం మెలేశాను.

పద్నాలుగో నంబరు వాల్ట్ బండి. అక్టోబరులో ఒక రోజు వచ్చి "గేజ్ ముల్లు పైకి రావడం లేదు" అన్నాడు.

"చల్లగా నడిస్తే ఇంజన్‌కు మంచిదేగా" అన్నాను, నవ్వుతూ.

నా మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. చలి మొదలయ్యాక ఆయనే తన బండికి అట్ట కట్టుకున్నాడు. నాకు ఇంజన్లకు చలి ఎలా కాయాలో నెలరోజులు నేర్పిన మనిషి. నేను ఆ నేర్చుకున్నదాన్ని తెచ్చి, సెప్టెంబరులో నేను చేసినదాని పక్కన పెట్టి చూసుకోలేదు. తలకాయలో ఒక గదిలో బెజవాడ ఉంది, ఇంకో గదిలో మిషిగన్ ఉంది, మధ్య తలుపు తెరవలేదు. ఎంత మూర్ఖుణ్ణి!

జనవరి

జనవరి మూడో వారంలో మంచు తుఫాను వచ్చింది. మైనస్ పాతిక, పైన గాలి. వాల్ట్ వంతెన దాటి ఉత్తరంగా వెళుతున్నాడు. పొద్దున ఎనిమిదింటికి దారిలో ముందెక్కడో బండ్లు గుద్దుకుని రోడ్డు మూసేశారు. ముందుకూ వెనక్కూ లేకుండా సాయంత్రం దాకా అక్కడే నిలిచిపోయాడు.

మామూలు ట్రక్కయితే ఇంజన్ ఆన్‌లో ఉంచి, హీటర్ వేసుకుని, సాండ్‌విచ్ తింటూ కూర్చోవచ్చు. ఆయన బండిలో హీటర్‌లోంచి చల్లగాలి వచ్చింది. కట్టిన అట్టను గాలి అప్పటికే పీక్కుపోయింది. ఇంజన్ తిరుగుతూనే చల్లబడిపోతోంది. ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కాదని ఆయనకు తెలుసు. వెనక సరుకులోంచి ఒక పెట్టె తీసి, ఖాళీ చేసి, కోసి, బానెట్ ఎత్తి పురికొసతో రేడియేటర్‌కు కట్టాడు. అరగంటకు లోపల కొంచెం వెచ్చదనం వచ్చింది. అదే ఆయన్ని బతికించింది. సాయంత్రం మంచు తోసే బండివాళ్ళు చేరేసరికి ప్రాణం ఉంది గానీ, ఎడమచేతి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి.

మర్నాడు పొద్దున మా మేనేజరు డార్లీన్ మమ్మల్ని కాఫీ మెషీన్ దగ్గరికి పిలిచింది. డార్లీన్ పొట్టి మనిషి, గొంతు మాత్రం యార్డు చివరిదాకా వినిపిస్తుంది. ఆ రోజు నెమ్మదిగా మాట్లాడింది.

"వాల్ట్ బాగానే ఉన్నాడు. రెండు వేళ్ళ కొసలు తీసేయాలి అంటున్నారు. రాత్రి నాతో ఫోన్లో మాట్లాడాడు. థర్మోస్టాట్ పాతది, విరిగిపోయి ఉంటుందన్నాడు. ఎవరి తప్పూ కాదు. ప్రసాద్, బండి రాగానే కొత్తది వెయ్యి."

ఎవరి తప్పూ కాదు! సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట వినగానే నేను మనసులో వెంకన్నకు దండం పెట్టుకున్నాను. బతికిపోయాను అనుకున్నాను. వేళ్ళు పోయినవాడు హాస్పిటల్‌లో ఉంటే బతికిపోయింది నేనట.

అప్పుడు డార్లీన్ వెనక గోడమీద బోర్డు కనిపించింది. ఏ బండి ఎక్కడుందో రాసే బోర్డు. ఇరవై రెండు, రే, మినెసోటా. రే అంటే మా ఇంకో డ్రైవరు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. మినెసోటాలో చలి ఇంకా ఘోరం.

ఉద్యోగం పోతుందని భయపడ్డానో, రే గుర్తొచ్చి భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

"డార్లీన్, అది విరగలేదు. దాంట్లో అసలు థర్మోస్టాటే లేదు. సెప్టెంబరులో నేనే తీసేశాను."

డార్లీన్ నన్ను ఎందుకు తీశావని అడగలేదు.

"ఇంకా ఏ బండికి?" అంది.

"ఇరవై రెండు."

వెంటనే ఫోన్ అందుకుంది.

గ్లవ్స్ తియ్యకు

రే ఫోన్ కలవలేదు. డార్లీన్ రోడ్డు మ్యాప్ పరిచి, ఆ దారిలో ఉన్న ట్రక్కులు ఆగే బంకులన్నిటికీ ఒక్కొక్కటిగా ఫోన్ చేసింది. రెండో ఫోన్ నాకిచ్చి సగం నన్ను చెయ్యమంది. "తెల్ల ట్రక్కు, నంబరు ఇరవై రెండు, డ్రైవరు పేరు రే" అని అదే మాట ఎన్నిసార్లు చెప్పానో. నా ఇంగ్లిషు యాసకు రెండోసారి అడిగినవాళ్ళే గానీ విసుక్కున్నవాళ్ళు లేరు.

మధ్యలో వాల్ట్ హాస్పిటల్ నుంచి ఫోన్ చేశాడు. సంగతి డార్లీన్ చెప్పింది. "రే దొరికితే నాకు కలుపు. వాడికి అట్ట కట్టడం రాదు" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి ఒక బంకు క్యాషియరమ్మ "ఇక్కడే ఉన్నాడు, నాలుగో కాఫీ తాగుతున్నాడు" అంది. రే స్లీపింగ్ బ్యాగు కప్పుకుని బండి నడుపుకుంటూ వచ్చాడట. హీటర్ పాడైందనుకున్నాడు, ఇంకో వంద మైళ్ళు లాగేద్దామనుకుంటున్నాడు. ముగ్గురి ఫోన్లూ కలిపాం.

వాల్ట్ గొంతు మందుల మత్తులో బరువుగా ఉంది. "రే, అట్ట లోపల కూర్చుని కొయ్యి. ముడులు కూడా లోపలే వేసుకో, ఉచ్చుల్లాగా. బయటికెళ్ళి ఉచ్చులు తగిలించడమే. విన్నావా? బయట గ్లవ్స్ తియ్యకు. ఏమైనా సరే, గ్లవ్స్ తియ్యకు."

అప్పటిదాకా నేను ఆలోచించలేదు. గ్లవ్స్ తొడుక్కుని పురికొస ముడి వెయ్యడం ఎవరివల్లా కాదు. ఆ గాలిలో ఆయన వట్టి చేతులతో నాలుగు ముడులు వేశాడు. నేను పీకేసిన తలుపుకు బదులుగా.

రే ఆ రోజు అక్కడే ఆగి, అట్ట కట్టుకుని, మర్నాడు చలి తగ్గాక క్షేమంగా తిరిగొచ్చాడు.

సాయంత్రం ఇంటికొచ్చి పద్మకు అంతా చెప్పాను. ఉద్యోగం ఉండదేమో అన్నాను.

"జాబ్ పోతే పోనివ్వండి, నాది ఉందిగా. ఆయన్ని చూశారా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహం పెట్టుకునే వెళ్ళండి. నేను డ్రైవ్ చేస్తా."

శనివారం అయిదు గంటలు ఆమే నడిపింది. అమ్మాయి వెనక సీట్లో నిద్రపోయింది. హాస్పిటల్‌లో వాల్ట్ చేతికి పెద్ద కట్టు ఉంది. క్షమించమన్నాను. ఆ మాట ఇంగ్లిషులో ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

"విరిగిపోయి ఉంటుందని డార్లీన్‌కు ఎందుకు చెప్పావు?" అని అడిగాను.

"నువ్వు కొత్తవాడివి. అక్టోబరులో గేజ్ చూసి, తీసేశావేమోనని నిన్ను అడిగాను. నీ జవాబు తప్పని తెలిసి కూడా ఊరుకున్నాను. నాది మాత్రం తప్పు కాదా?" అన్నాడు. "రెండో బండి సంగతి నాకు తెలియదు. తెలిస్తే నేనే చెప్పేవాణ్ణి."

పద్మ డబ్బా విప్పి పులిహోర పెట్టింది. కుడిచేత్తో ఫోర్కు పట్టుకుని అంతా తిన్నాడు. చివర్లో ఎండుమిరపకాయ కూడా నమిలి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ "ఇది ముందే బండిలో ఉంటే హీటర్ అక్కర్లేకపోయేది" అన్నాడు.

డార్లీన్ పద్ధతి

నా ఉద్యోగం పోలేదు. కానీ ఆర్నెల్లు నేను బిగించిన ప్రతి బోల్టునూ ఇంకొకరు చూశాకే బండి గేటు దాటింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు నా పని తనిఖీ చేస్తుంటే తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు చెబుతున్నాను, ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని.

ఇంకో నియమం కూడా పెట్టింది. ఇంజన్‌లోంచి ఏ భాగం తీసి మళ్ళీ పెట్టకపోయినా, దాన్ని చీటీతో సహా స్టీరింగుకు వేలాడదీయాలి. డ్రైవరు ఎక్కగానే చేతికి తగలాలి. మీరు ఎక్కడ చేరినా ఇది పాటించండి. తీసింది దాచకండి. మీకు తెలిసిన వైద్యం పనికిమాలిందని నేను అనను, మా నాన్న గొప్ప మెకానిక్, ఆయన ఊళ్ళో ఆయన వైద్యం పనిచేసింది. కానీ ఊరు మారినప్పుడు చేతిలో ఉన్న ప్రతి పనినీ ఒక్కసారి ప్రశ్నించి చూడండి.

తప్పు ఒప్పుకున్నప్పుడు ముందు "ఎందుకు చేశావు" అని అరిచే బాసులు కొందరు. "ఇంకా ఎవరికి ప్రమాదం" అని అడిగే బాసులు కొందరు. రెండోరకం దొరికితే జీతం కొంచెం తక్కువైనా వదలకండి. డార్లీన్ రిటైరైన రోజు ఆవిడ చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ నన్ను యథాప్రకారం తిట్టింది.

ఇప్పుడు

వాల్ట్‌కు ఎనభై దాటాయి. తన సొంతూళ్ళో ఒంటరిగా ఉంటాడు. ఒక పాత పికప్ ఉంది, అమ్మమంటే అమ్మడు. ప్రతి ఏడూ నవంబరులో నేను వెళ్ళి దానికి చలికాలం ఏర్పాట్లు చేసి వస్తాను. హీటర్ తీగ చూస్తాను, టైమర్ పెడతాను, అట్ట కడతాను. పద్మ పులిహోర కట్టిస్తుంది, మిరపకాయలు కాస్త ఎక్కువే వేసి.

పోయిన నవంబరులో వెళ్ళేసరికి ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని పురికొస ఉచ్చులు చేసి పెట్టాడు. ఆ ఎడమచేత్తో అవి చెయ్యడానికి ఎంతసేపు పట్టిందో. బయట మంచు కురుస్తోంది. నేను బానెట్ ఎత్తి అట్ట పెట్టాను. మూడు ఉచ్చులు తగిలించాను, నాలుగోది ఊడిపోయింది. గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుని ముడి వెయ్యడం మొదలుపెట్టాను. ఇనుము తగిలిన చోటల్లా వేలు మంటెత్తింది.

వాల్ట్ వాకిట్లోంచి కేకేశాడు. "గ్లవ్స్ తొడుక్కో!"

"తొడుక్కుంటే ముడి పడదు, వాల్ట్!" అని నేనూ అరిచాను.

ఆయన కర్ర పొడుచుకుంటూ మెల్లగా నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ముడి బిగిసేదాకా చూశాడు.

"తెలుసు" అన్నాడు.